పసిఫిక్‌లో వేడి, బళ్ళారిలో ఆకలి



1876వ సంవత్సరం. తెలుగు పంచాంగంలో ధాత. ఆ ఏడు నైరుతి వానలు సీమ జిల్లాల్లో అరకొరగా కురిశాయి. చిత్త, స్వాతి కార్తెల మీద రైతులు ఆశ పెట్టుకున్నారు. అక్టోబరు వచ్చింది, ఈశాన్య వానలూ ముఖం చాటేశాయి. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాల్లో మెట్ట పైర్లు చేలల్లోనే ఎండిపోయాయి. అప్పటికి అనంతపురం వేరే జిల్లా కాదు, బళ్ళారిలో భాగం; 1882లో విడిపోయింది. ధాత వెళ్లి ఈశ్వర వచ్చింది. 1877లో నైరుతి ఒక్క దక్షిణాదిలోనే కాదు, దేశమంతటా దెబ్బతింది. 1871 నుంచి దేశం మొత్తానికి కట్టిన వర్షపాతం లెక్కల్లో అంత తక్కువ వాన పడ్డ నైరుతి కాలం మరొకటి లేదు.

ఆ కరువులో బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లోనే 55 లక్షల మంది చనిపోయారని ఒక అంచనా. అంతకంటే చాలా ఎక్కువని చెప్పే చరిత్రకారులూ ఉన్నారు. జనాభా లెక్కలు ఇంకా సూటిగా మాట్లాడతాయి. 1871లో కర్నూలు జిల్లాలో ఉన్న జనంతో పోలిస్తే 1881 నాటికి సుమారు నాలుగో వంతు తగ్గిపోయారు. బళ్ళారిలో ఐదో వంతుకు దగ్గరగా తగ్గారు. మధ్యలో పుట్టిన పిల్లలందర్నీ కలుపుకున్నాక తేలిన లెక్క ఇది.

వీళ్లను చంపింది ఎవరు?

ఆనాటి సర్కారు దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది: వాన పడలేదు, పంట పండలేదు, మనుషులు పోయారు. ఇందులో అబద్ధం లేదు. కానీ ఇది సగం సమాధానమే. వానను, నేలను, అడవిని, చెరువును, శిస్తును, ధాన్యం ధరను ఒకేచోట పెట్టి చదివే విద్య ఒకటి గత యాభై ఏళ్లలో బాగా ఎదిగింది. దాన్నే పర్యావరణ చరిత్ర అంటున్నాం. మిగతా సగం సమాధానం దాని దగ్గర దొరుకుతుంది. నేటి వాతావరణ సంక్షోభాన్ని అర్థం చేసుకోవడానికి మనకు ఎక్కువగా అక్కరకొచ్చేదీ ఆ మిగతా సగమే.

ముందు వాన సంగతి చూద్దాం. బళ్ళారిలో వాన ఎందుకు పడలేదో బళ్ళారిలో నిలబడి తెలుసుకోవడం ఎవరి వల్లా కాదు. దాని మూలం వేల మైళ్ల అవతల, పసిఫిక్ మహాసముద్రంలో ఉంది. మామూలు రోజుల్లో అక్కడ తూర్పు నుంచి పడమరకు వీచే గాలులు వెచ్చని నీటిని ఇండోనేషియా వైపు నెట్టి ఉంచుతాయి. కొన్నేళ్లకోసారి ఆ గాలులు బలహీనపడతాయి. వెచ్చని నీరు వెనక్కి, దక్షిణ అమెరికాలోని పెరూ తీరం వైపు పరుచుకుంటుంది. నీటితోబాటు మేఘాలు కట్టే చోటూ మారుతుంది. అటువైపు కుండపోత, ఇటువైపు ఎండుపోత. దీన్నే ఎల్ నినో అంటారు. ఎల్ నినో వచ్చిన ప్రతి ఏడూ మన ఋతుపవనాలు దెబ్బతినాలని లేదు. కానీ మన పెద్ద కరువుల్లో చాలావాటి వెనక అది ఉంది.

1877లో వచ్చింది మామూలు ఎల్ నినో కాదు. దీప్తి సింగ్ అనే వాతావరణ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి 2018లో ప్రచురించిన అధ్యయనం ఆనాటి సముద్రాల స్థితిని ఓపికగా తిరిగి కట్టి చూపింది. 1870 నుంచి ఆరేళ్లపాటు పసిఫిక్ చల్లగా ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా బాగా వేడెక్కింది. అదే సమయంలో హిందూ మహాసముద్రంలో పడమటి వైపు నీరు వేడెక్కి, తూర్పు వైపు చల్లబడింది. మరుసటి ఏడు ఉత్తర అట్లాంటిక్ కూడా అసాధారణంగా వెచ్చబడింది. మూడు సముద్రాలూ కలిసి దెబ్బకొట్టాయన్నమాట. ఉత్తర చైనాలో తొంభై లక్షల నుంచి కోటీ ముప్పై లక్షల మంది దాకా చనిపోయారని అంచనా. బ్రెజిల్‌లోని సియారా ప్రాంతంలో లక్షల మంది పోయారు. ఈజిప్టులో నైలు నది పొంగాల్సిన కాలంలో పొంగలేదు. ప్రపంచం మొత్తం మీద ఆ కరువుకు బలైనవాళ్లు ఐదు కోట్లు దాటి ఉంటారని ఆ అధ్యయనం గుర్తుచేస్తుంది. కర్నూలు పల్లెలో ఎండిన చేను గట్టున కూర్చున్న రైతుకు, బ్రెజిల్‌లో ఊరు విడిచి నడుస్తున్న కూలికి ఒకరి ఉనికి ఒకరికి తెలియదు. ఇద్దరినీ రోడ్డున పడేసింది మాత్రం ఒకే సముద్రం.

ఇక్కడిదాకా ప్రకృతి కథ. ఇక్కడి నుంచి మనుషుల కథ.

సర్ రిచర్డ్ టెంపుల్ అనే బ్రిటిష్ అధికారి జీవితంలో రెండు కరువులున్నాయి. మొదటిది 1873-74లో బీహారులో వచ్చింది. అప్పుడు టెంపుల్ బర్మా నుంచి సుమారు నాలుగున్నర లక్షల టన్నుల బియ్యం తెప్పించాడు. పనిచేయగలిగినవాళ్లకు పని ఇచ్చాడు, చేయలేనివాళ్లకు ఊరికే తిండి పెట్టాడు. ఆ కరువులో ఆకలి చావులు దాదాపు లేవు. మెచ్చుకోవాల్సింది పోయి, అంత డబ్బు తగలేస్తావా అని లండన్ పత్రికలు, పై అధికారులు ఆయన్ను దుమ్మెత్తిపోశారు. మనుషులు చావకపోవడమే తప్పుగా లెక్క కట్టిన కాలం అది.

మూడేళ్లకు, 1877 జనవరిలో, వైస్రాయి లిట్టన్ ఆయన్నే మద్రాసు రాజధానికి కరువు ప్రతినిధిగా పంపాడు. ఖర్చు తగ్గించాలన్నది ఆయనకు అందిన ఆజ్ఞ. మొదటిసారి పడ్డ మాటలు టెంపుల్ మరచిపోలేదు. కరువు పనుల్లో మట్టి మోసే మగవాడికి రోజుకు ఒక పౌండు ధాన్యం, పైన ఒక అణా చాలన్నాడు. పౌండు అంటే అర కిలో కూడా కాదు. అంతకుముందు మద్రాసు ప్రభుత్వం ఇస్తున్నది పౌండున్నర. రాళ్లు కొట్టే, మట్టి తవ్వే మనిషికి ఈ తిండి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా ఎదిరించాడు. కూలీల శరీరాలు ఎలా శుష్కించిపోతున్నాయో లెక్కలతో సహా చూపించాడు. చివరికి ఆ సంవత్సరమే కూలిని కొంత పెంచక తప్పలేదు. ఈలోగా జరగాల్సిన నష్టం జరిగింది. ఈ కూలికి చరిత్రలో ‘టెంపుల్ కూలి’ అనే పేరు నిలిచిపోయింది.

ఇంకో నిబంధన గురించి కూడా చెప్పాలి. ఊరి దగ్గర పని పెడితే అవసరం లేనివాళ్లూ వస్తారని సర్కారు అనుమానం. అందుకని ఇంటికి పది మైళ్ల అవతల ఉన్న శిబిరానికి వస్తేనే పని. అప్పటికే డొక్కలెండిన మనిషి పది మైళ్లు నడిచి వెళ్లాలి. నడవలేక ఆగిపోయినవాడికి నిజంగా అవసరం లేదని అర్థమట. ఈ దూరం సంగతి శ్రోతలు గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ అవసరమవుతుంది.

మరి దేశంలో ధాన్యమే లేదా? ఉంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో కాలువల కింద పంట పండింది. బర్మా నుంచి ఓడల్లో బియ్యం మద్రాసు రేవుకు వచ్చింది. రైలు మార్గాలు అప్పటికే బళ్ళారి, కడప దాకా పడ్డాయి. కానీ సర్కారు ధరల జోలికి పోనన్నది. వ్యాపారం తన దారిన తాను సర్దుకుంటుందని నమ్మింది. ధర ఎక్కడ ఎక్కువుంటే ధాన్యం అక్కడికి పోయింది. కొనే శక్తి లేనివాడి ఊరికి అది ఎందుకు వస్తుంది? రైలు స్టేషను దాకా వచ్చిన బస్తాలను పల్లెలకు చేర్చడానికి ఎద్దులు లేవు. మేత లేక అవి ముందే చచ్చిపోయాయి. ఆ రెండేళ్లూ మన దేశపు గోధుమ ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే ఉంది. కరువు కమ్ముకొస్తున్న రోజుల్లోనే, 1877 జనవరి 1న, విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటిస్తూ ఢిల్లీలో భారీ దర్బారు జరిగింది.

కరువు కూలీల చేత చేయించిన పనుల్లో కొన్ని ఇప్పటికీ కళ్లెదుట ఉన్నాయి. మన కోస్తా పొడుగునా సాగే బకింగ్‌హాం కాలువకు ఆ పేరు కరువు నాటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు మీద వచ్చిందే. మద్రాసు నగరంలో అడయారు, కూవం నదులను కలిపే ముక్కను 1877-78లో కరువు కూలీలే తవ్వారు.

అయితే ఈ ఆకలికి పునాది ఇంకా ముందే పడింది. 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చిన దత్తమండలాల్లో, అంటే ఈ సీమ జిల్లాల్లో, థామస్ మన్రో అనే కంపెనీ అధికారి రైతు నుంచి నేరుగా శిస్తు తీసుకునే రైతువారీ పద్ధతి తెచ్చాడు. శిస్తు డబ్బు రూపంలో కట్టాలి. పంట పోయినా గడువు పోదు. దానికి ముందు ఈ నేలకు వేరే ఏర్పాట్లుండేవి. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు గట్టున 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు వేయించినది. చెరువు తవ్వాలంటే ఎలాంటి నేల ఉండాలి, కొండల మధ్య నది ఎలా పారాలి, కట్ట ఎలా ఉండాలి, ఏయే లోపాలు ఉండకూడదు అన్నీ అందులో వరసగా చెప్పారు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని ఖర్చు లెక్క కూడా ఉంది. ఇంజనీరింగు పాఠాన్ని రాతి మీద చెక్కిన జాతి మనది.

చెరువు తవ్వడం ఒక ఎత్తు, దాన్ని నిలుపుకోవడం మరో ఎత్తు. సీమలో దశబంధం ఇనాములుండేవి. చెరువును బాగుచేసే బాధ్యత తీసుకున్నవాళ్లకు ఆయకట్టులో కొంత భూమి శిస్తు లేకుండా ఇచ్చేవారు. నీళ్లు వంతులవారీగా వదిలే నీరుగంటికి పంటలో మేర ఉండేది. పూడిక తీయడానికి ఊరంతా కదిలేది. కంపెనీ పాలన చెరువును ఆదాయం ఇచ్చే ఆస్తిగా చూసింది. బాగుచేతకు పెట్టాల్సిన డబ్బు దగ్గర మాత్రం చేయి ముడుచుకుంది. తరం తర్వాత తరం కట్టలు కుంగాయి, తూములు పూడాయి. 1876లో వాన మొహం చాటేసినప్పుడు, ముందేడు నీటిని దాచిపెట్టుకోగలిగిన చెరువులు చాలాచోట్ల సగం మట్టితో ఉన్నాయి.

ఇది చెప్పినంత మాత్రాన కంపెనీకి ముందు అంతా స్వర్గమని అర్థం కాదు. 1630ల మొదట్లో దక్కన్‌ను, గుజరాత్‌ను తుడిచిపెట్టిన కరువు మొగలాయి కాలంలోనే వచ్చింది. చెరువు నీళ్లలో అందరికీ సమాన వాటా ఎప్పుడూ లేదు. కులం, భూమి ఉన్నవాడికే మొదటి తడి. పర్యావరణ చరిత్రను పాత రోజుల పొగడ్తగా మార్చితే దాని విలువ పోతుంది. ఏ ఏర్పాటు ఎవరిని కాపాడింది, ఎవరిని వదిలేసింది అని ప్రతిసారీ అడగాలి.

1876 కంటే ముందే హెచ్చరికలు లేకపోలేదు. 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ అనే కంపెనీ వైద్యుడు ఉండేవాడు. వృక్షశాస్త్రజ్ఞుడు కూడా. అక్కడ ప్రయోగాత్మక తోట పెంచాడు, వాతావరణ వివరాలు రాసిపెట్టాడు. 1789 నుంచి ఉత్తర సర్కారుల్లో వరసగా వానలు తప్పి ఘోరమైన కరువు వచ్చింది. కారణం వెతుకుతూ పిఠాపురం రాజా దగ్గరున్న పాత వివరాలు సేకరించాడు. వందేళ్ల కిందట కూడా ఇలాంటి కరువే వచ్చిందని తెలిసింది. కరువు మళ్లీ మళ్లీ వచ్చేదే అయితే దానికి ముందే సిద్ధం కావాలి కదా అని ఆలోచించి కొబ్బరి, సగ్గు, పనస జాతి చెట్ల వంటి తిండి మొక్కలు విరివిగా నాటాలని పోరాడాడు. రెండు వందల ఏళ్ల తర్వాత రిచర్డ్ గ్రోవ్ అనే పర్యావరణ చరిత్రకారుడు ఈ కాగితాలు చదివి, 1789-93 మధ్య వచ్చింది ప్రపంచవ్యాప్తమైన ఎల్ నినో అని 1998లో వాదించాడు. సామర్లకోటలో రాసిన వివరాలు పసిఫిక్ చరిత్రకు సాక్ష్యమయ్యాయి.

ఆ తర్వాతిది 1832-33 నందన కరువు. గుంటూరు జిల్లాలో ఐదు లక్షల జనంలో లక్షన్నర మంది పోయారు. ఆ గాయం నుంచే ధవళేశ్వరం ఆనకట్ట ఆలోచనకు బలం వచ్చింది. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేశాడు. పాతికేళ్ల తర్వాత ధాత, ఈశ్వర సంవత్సరాల్లో గోదావరి డెల్టా తిండి పెట్టింది, సీమ ఆకలితో మాడింది. రైళ్ల మీద పెట్టే డబ్బులో కొంత కాలువల మీద పెట్టి ఉంటే ఇంతమంది చచ్చేవారు కాదని 1878లో కాటన్ బ్రిటిష్ పార్లమెంటు సంఘం ముందు వాదించాడు. ఫ్లోరెన్స్ నైటింగేల్ కూడా అదే మాట రాసింది.

కరువు చనిపోయినవాళ్లతో ముగియలేదు. బతికినవాళ్లు అడవిలో దొరికిన ఆకులు, దుంపలు, కాయలు తిని బతికారు. పశువులను కొండల్లోకి తోలుకెళ్లి కొన్నైనా దక్కించుకున్నారు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఆకలి రోజుల్లో ఆదుకున్న ఆ అడవికే గేటు పడింది. మేతకు పుల్లరి కట్టాలి. కట్టె తెచ్చుకుంటే నేరం. నల్లమల అంచున, పల్నాడులో ఈ పుల్లరి మీద రగిలిన కోపమే 1921లో సత్యాగ్రహమైంది. దాన్ని నడిపిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు తూటాలకు బలయ్యాడు. మన బడిపుస్తకాల్లో హనుమంతు కథ స్వాతంత్ర్య పోరాటం పాఠంలో ఉంటుంది. అది పర్యావరణ పోరాటం కూడా అని పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ.

ఆ కరువు నుంచి మంచి కూడా ఒకటి పుట్టింది. భారత వాతావరణ శాఖ 1875లో మొదలైంది. మరుసటి ఏడే కరువు. వాన ముందే చెప్పగలరా అని అందరూ దాని అధిపతి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్‌ను అడిగారు. హిమాలయాల్లో మంచు ఎక్కువ పడితే నైరుతి తగ్గుతుందని ఆయన గమనించి, 1886 జూన్ 4న మొదటి అధికారిక దీర్ఘకాల అంచనా ఇచ్చాడు. 1904లో గిల్బర్ట్ వాకర్ అనే గణిత శాస్త్రవేత్త ఆ పదవిలోకి వచ్చాడు. ప్రపంచం నలుమూలల నుంచి వాన, వేడి, గాలి పీడనం లెక్కలు తెప్పించి, భారతీయ గుమాస్తాల చేత చేతి లెక్కలు కట్టించాడు. పసిఫిక్‌లో ఒక వైపు పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతోంది, ఇటు పెరిగితే అటు తగ్గుతోంది. తక్కెడలో రెండు పళ్లాలలాగా. 1920ల్లో ఆయన దానికి దక్షిణ డోలనం అని పేరుపెట్టాడు. సముద్రపు వేడికీ ఈ డోలనానికీ ఉన్న ముడిని జాకబ్ బ్యర్క్‌నెస్ 1969లో విప్పి చూపాడు. నేడు ప్రపంచమంతా వాడుతున్న ఎల్ నినో శాస్త్రానికి ఒక వేరు మన కరువు నేలలో ఉంది.

ఇప్పుడు మన కాలానికి వద్దాం.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో గ్రామీణ ఉపాధి హామీ పథకం దేశంలో మొట్టమొదటిగా మొదలైంది. పాత బళ్ళారి జిల్లా నేల అది. ఆ పథకం తెచ్చిన చట్టంలో ఒక నిబంధన పెట్టారు: పని ఊరికి ఐదు కిలోమీటర్ల లోపు ఇవ్వాలి, అంతకు మించితే కూలి పది శాతం పెంచి ఇవ్వాలి. 1877లో దగ్గరగా పని అడగడమే తప్పు. 2006లో అది హక్కు. రెండింటి మధ్య 1952 ఉంది: అప్పటి రాయలసీమ కరువులో గంజి కేంద్రాలు తెరిచారు. 1972 కరువు కూడా ఉంది: మహారాష్ట్రలో లక్షల మందికి ప్రభుత్వం పని చూపింది. వానలు తప్పాయి, పంటలు పోయాయి, కష్టాలు పడ్డారు. కానీ ఈ రెండు కరువుల్లోనూ 1877 నాటి చావులు మళ్లీ చూడలేదు. ఆకాశం మారలేదు, పాలన మారింది. ఓట్లు, పత్రికలు, రేషను బియ్యం వచ్చాయి. పర్యావరణ చరిత్ర వాతావరణ సంక్షోభం గురించి చెప్పే మొదటి విషయం ఇదే. విపత్తు ఆకాశం నుంచి వస్తుంది, వినాశం మాత్రం నేల మీద తయారవుతుంది.

రెండో విషయం ఇంకా బరువైనది. 1877లో ఎల్ నినోను ఎవరూ పిలవలేదు. అది సముద్రం ఆట. ఆనాడు గాలిలో కార్బన్ డయాక్సైడు పది లక్షల పాళ్లలో 290 పాళ్ల దరిదాపుల్లో ఉండేది. ఇప్పుడది 420 దాటింది. బొగ్గు, చమురు, గ్యాసు కాల్చి మనుషులు పెంచినదే ఈ తేడా. 2024లో భూమి సగటు ఉష్ణోగ్రత, పారిశ్రామిక యుగానికి ముందుతో పోలిస్తే ఒకటిన్నర డిగ్రీల గీత దాటింది. నమోదైనవాటిలో అత్యంత వేడి సంవత్సరం అదే. అంటే ఇక విపత్తులోనూ మనిషి చేయి ఉంది. ఒకప్పుడు వాన తప్పడం ప్రకృతి పని, ఆకలి మనుషుల పని అని విడదీసి చెప్పగలిగేవాళ్లం. ఇప్పుడా గీత చెరిగిపోతోంది.

2015 మే నెలను తెలుగువాళ్లు మరచిపోకూడదు. వడదెబ్బకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే, వాళ్లలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. ఎక్కువగా ఎవరు పోయారు? ఎండలో పనిచేయక తప్పనివాళ్లు, వయసు మళ్లినవాళ్లు, రేకుల ఇళ్లలో ఉండేవాళ్లు. మధ్యాహ్నం పని ఆపితే కూలి పోతుందనే భయం ఉన్నవాడికి వడగాలి హెచ్చరిక ఎలా ఉపయోగపడుతుంది? వేడి అందరికీ ఒకటే. దాన్ని తప్పించుకునే వీలు మాత్రం అందరికీ లేదు. టెంపుల్ కూలి నాటి ప్రశ్నే ఇది: పనిచేసే శరీరానికి ఎంత తిండి, ఎంత నీడ, ఎంత విశ్రాంతి ఇవ్వాలో ఎవరు నిర్ణయిస్తున్నారు?

2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడను బుడమేరు ముంచింది. వాన అసాధారణమే, అందులో అనుమానం లేదు. కానీ బుడమేరు దారిలో ఇళ్లు కట్టిందీ, గట్లను నిర్లక్ష్యం చేసిందీ మేఘాలు కావు. ఆ వాగు చివరికి చేరాల్సిన కొల్లేరును చేపల చెరువులు ఎంత కుదించాయో మనకు తెలుసు. హైదరాబాదు కథా ఇలాంటిదే. 1908 సెప్టెంబరులో మూసీ వరద అక్కడ వేలమందిని మింగింది. తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి, ఆయన సలహా మీద ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించింది. ఒక వరద నుంచి పాఠం నేర్చిన నగరం, వందేళ్లలో ఆ పాఠాన్ని తన చెరువుల మీదే మరచిపోయింది.

మూడో విషయం న్యాయానికి సంబంధించినది. 1877లో రైలు, ఓడ, బొగ్గు, అంతర్జాతీయ మార్కెట్ కలిసి ఒక ఆర్థిక వ్యవస్థను నడిపాయి. లాభం ఒక చోట, ఆకలి ఇంకో చోట. గాలిలో పేరుకున్న కార్బన్‌లో పెద్ద వాటా ఆ వ్యవస్థ నుంచి ఎదిగిన సంపన్న దేశాలదే. ఇవాళ సగటు భారతీయుడు ఏడాదికి సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడుకు కారణమైతే, సగటు అమెరికన్ దాదాపు పద్నాలుగు టన్నులకు కారణం. 2022లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్ వాతావరణ సదస్సులో పేద దేశాల నష్టానికి ఒక నిధి పెట్టాలని ఒప్పుకున్నారు. దశాబ్దాలుగా అడిగినదానికి అది మొదటి మెట్టు మాత్రమే. అయితే ఈ వాదన మన లోపలికీ వర్తిస్తుంది. దేశాల మధ్య న్యాయం అడిగే మనం, మన ఊళ్లలో ఏసీ గదికీ రేకుల గుడిసెకూ మధ్య ఉన్న దూరాన్ని చూడకుండా ఉండలేం.

అనంతపురం నేల ఇంకో పాఠం చెబుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఆ జిల్లాలో ఒకప్పుడు జొన్న, కొర్ర, సజ్జ, అలసంద, కంది కలిపి వేసేవారు. ఒకటి పోయినా ఇంకొకటి నిలిచేది. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో వేరుశనగ లక్షల ఎకరాల్లో పరుచుకుంది. ధర ఉంది, రుణం ఉంది, నూనె మిల్లులున్నాయి. కానీ వాన ఒక్క నెల ఆలస్యమైతే జిల్లా అంతా ఒకేసారి నష్టపోయే పరిస్థితి వచ్చింది. ఆ నష్టం పూడ్చుకోవడానికి బోర్లు వేశారు; బోర్లు ఎండాక ఇంకా లోతుకు వేశారు, అప్పులూ అలాగే లోతుకు దిగాయి. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ బంజరు నేలను మళ్లీ అడవి చేసి, చిరుధాన్యాలను తిరిగి పొలాల్లోకి తెచ్చింది. ఇలాంటివి చిన్న ప్రయత్నాలే. కానీ ఆ నేలకు ఏది నప్పుతుందో తెలిసి చేసినవి.

తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని లక్ష్యం పెట్టుకుంది. పూడిక తీయడం దానిలో సులువైన భాగం. ఒక చెరువు నిండి అలుగు పారితే కింది చెరువుకు నీళ్లు చేరే గొలుసుకట్టును మళ్లీ కలపడమే కష్టం. ఎందుకంటే ఆ వాగుల దారుల్లో ఇప్పుడు ప్లాట్లున్నాయి, రోడ్లున్నాయి, పట్టాలున్నాయి. ఒక్కసారి పూడిక తీసి వదిలేస్తే నాలుగేళ్లకు మళ్లీ మొదటికొస్తుంది. దశబంధం ఇనాము లాంటి ఏర్పాటు, అంటే బాగుచేతకు ఎవరో ఒకరు ప్రతి ఏడూ బాధ్యత పడే ఏర్పాటు, ఈ కాలానికి తగ్గట్టు కావాలి.

ఎల్ నినో మళ్లీ వస్తుంది. అది ఎప్పుడు వస్తుందో వాతావరణ శాఖ కొన్ని నెలల ముందే చెప్పగలుగుతోంది. 1876లో ఆ వసతి ఎవరికీ లేదు. అందుకని ఈ ప్రసంగం వింటున్నవారిని కొన్ని పనులు కోరుతున్నాం. మీ ఊరి చెరువుకు నీళ్లు వచ్చే వాగు దారి, అలుగు, తూము ఇప్పుడు ఎలా ఉన్నాయో వచ్చే గ్రామసభలో అడగండి. పాత రెవెన్యూ పటం తెప్పించి, వాగు దారి ఎక్కడ మూసుకుపోయిందో గుర్తించండి. ఎండాకాలంలో మీ ఊళ్లో పనికి వెళ్లేవాళ్లకు నీడ, నీళ్లు, మధ్యాహ్నం విరామం ఉన్నాయో లేదో చూడండి. పెద్దవాళ్లు చెప్పే కరువు కథలు, వరద గుర్తులు, ఎండిన బావుల పేర్లు రాసిపెట్టి పంచాయతీ కార్యాలయంలో ఒక ప్రతి ఉంచండి.